తాత తప్పిపోయాడు

టెలిఫోన్ శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసినవాడికి సిగ్నల్ గురించి ఇంకొకళ్లు చెప్పక్కర్లేదండీ. ఫ్లోరిడాలో విమానం దిగిన దగ్గర్నుంచీ ఈ మాట మా అల్లుడితో కనీసం పదకొండుసార్లు అని ఉంటాను. పన్నెండోసారి అనే అవకాశం రాలేదు. ఎందుకు రాలేదో మా ఇంట్లోవాళ్లకి తెలుసు, ఊళ్లోవాళ్లకి నేనే స్వయంగా చూపించాను. ఇంక మిగిలింది మీరే. మీరు నవ్వినా నలుగురికీ చెప్పరన్న నమ్మకంతో చెబుతున్నాను.

మా అమ్మాయి ఓర్లాండో దగ్గరున్న డిస్నీ వరల్డ్‌కి ప్రయాణం కట్టింది. అక్కడ నాలుగు పార్కులున్నాయి. మొదట వెళ్లింది మ్యాజిక్ కింగ్‌డమ్. 1971లో అన్నిటికంటే ముందు తెరిచింది అదే. వెళ్లడానికి మూడు రోజుల ముందు, పొద్దున్న సరిగ్గా 7 గంటలకి, మా అల్లుడు ఫోన్ పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఏమిటంటే, లైట్నింగ్ లేన్ బుక్ చేస్తున్నాడట. మన తిరుమల 300 రూపాయల దర్శనంలాంటిదన్నమాట. డబ్బు కడితే ఫలానా గంటలో రమ్మని టైమిస్తారు, పెద్ద క్యూ తప్పుతుంది. ఏ ఆట దగ్గర ఎంతసేపు నిలబడాలి, అన్నం ఎక్కడ దొరుకుతుంది, ఊరేగింపు ఎన్నింటికి, అన్నీ యాప్‌లోనే. "మావయ్యగారూ, లోపల ఫోన్ లేకపోతే చెయ్యి విరిగినట్టేనండీ" అన్నాడు.

"తత్కాల్ టికెట్లు తీసిన చెయ్యి నాయనా ఇది" అన్నాను. విరగదు కాబోలనుకున్నాను.

నేను కాదన్నవన్నీ వరసగా ఒప్పుకుంటాను. అమ్మాయి అక్కడి సిమ్ వేయిస్తానంది, వద్దన్నాను. రాజమండ్రిలోనే రోమింగ్ ప్యాక్ వేయించుకుని, ఆ సంగతి వీధి వీధంతా చెప్పి వచ్చాను మరి. పార్కులో వైఫై ఉచితం నాన్నా అంది. ఊరికే ఇచ్చేదాన్ని నమ్మకూడదని అరగంట ఉపన్యాసమిచ్చాను. చేతికి మ్యాజిక్ బ్యాండ్ కట్టుకోమంది. నాకు తాయెత్తులు కట్టే వయసు దాటిందన్నాను. పవర్ బ్యాంక్ చేతిలో పెట్టింది. ఇటుకలా ఉంది. నా ఫోన్ బ్యాటరీ రెండు రోజులొస్తుందని దాన్ని హోటల్ గదిలోనే వదిలేశాను. రెండు రోజులు వచ్చే మాట నిజమే. ఇంట్లో పడక్కుర్చీలో, వైఫై కింద, గంటకోసారి టైము చూసుకుంటే వస్తుంది.

అసలు కథ వేరే ఉంది. గోదావరి గట్టు మీద వాకింగ్ చేసే మా బృందానికో వాట్సాప్ గ్రూపుంది. అందులో రిటైర్డ్ తహసీల్దారు గారొకరు. ఆయన అంతకు ముందే సింగపూర్ యూనివర్సల్ స్టూడియోస్‌లో ఆ పెద్ద భూగోళం ముందు నిలబడి ఫొటో పెట్టారు. 34 బొటనవేళ్లొచ్చాయి. లెక్కపెట్టారా అని అడక్కండి. మీరూ లెక్కపెడతారు. ఆ 34 నా గుండెలో ముల్లులా ఉండిపోయింది. దానికి విరుగుడు నా దగ్గరుంది. ఓర్లాండోలో రాత్రి 10 అంటే మనకి ఉదయం 7:30. మావాళ్లు నడక ముగించి టీ బండి దగ్గర చేరే వేళ. సరిగ్గా అప్పుడే ఇక్కడ కోట మీద బాణసంచా. ఫొటో కాదు, ప్రత్యక్ష ప్రసారం! పధ్నాలుగు వేల కిలోమీటర్లు నేను ఎగిరొచ్చింది దేనికనుకున్నారు?

పొద్దున్నే లోపలికి అడుగు పెట్టాం. ఎదురుగా 189 అడుగుల సిండరెల్లా కోట. మా ఆవిడ చేతులు జోడించినంత పనిచేసింది. నేను కోటని ఫోన్లోంచి చూశాను. ఫొటో గ్రూపులోకి వదిలాను. గుండ్రటి గీత తిరగడం మొదలెట్టింది. తిరుగుతూనే ఉంది. పైన చూస్తే సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి.

ఇక్కడే నా సిగ్గు రెండింతలవుతుంది. 2015 గోదావరి పుష్కరాలప్పుడు "గీతలన్నీ ఉన్నాయి, ఫోన్ పోవట్లేదేంటండీ?" అని వచ్చినవాళ్లందరికీ విసుక్కుంటూ వివరం చెప్పినవాణ్ణి నేనే. గీతలంటే టవరు నీకెంత గట్టిగా వినిపిస్తోందో చెప్పేవి. నీ వంతు ఎప్పుడొస్తుందో చెప్పేవి కావు. కుళాయి నీ గుమ్మం ముందే ఉండొచ్చు, ముందు రెండొందల బిందెలున్నాయే! పైగా వంతు రాని ఫోను ఊరుకోదు, పంపి పంపి మళ్లీ పంపుతుంది. ఎండలో తెర కనబడాలని వెలుతురు పెంచుతాం, మ్యాపు తెరుస్తాం, కెమెరా తెరుస్తాం. బ్యాటరీ చిల్లుకుండ అయిపోతుంది. ఇంత తెలిసినవాణ్ణి, ఫోన్ నెత్తి మీదకెత్తి సిగ్నల్ కోసం చెట్ల కింద తిరిగానండీ, హారతి పళ్లెం పట్టుకున్న పూజారిలా.

"తాతా, చూడు చూడు!" అని మా ఆరేళ్ల మనవడు చెయ్యి పట్టుకు లాగుతూనే ఉన్నాడు. "ఒక్క నిమిషం నాన్నా" అంటూనే ఉన్నాను. ఊరేగింపు అలా వెళ్లిపోయింది. సముద్రపు దొంగల పడవలో, ఆ చిమ్మచీకట్లో కూడా, నేను చూసింది నీలం టిక్కుల కోసమే. ఒకటే టిక్కు. అదీ బూడిద రంగుది.

చీకటి పడేసరికి బ్యాటరీ 11 శాతం. బాణసంచాకి కోట ముందు ఇసకేస్తే రాలనంత జనం. అక్కడ నెట్ కదలదని నాకు తెలుసు. "ఇప్పుడే వస్తా" అని మా ఆవిడతో చెప్పి, జనాన్ని తోసుకుంటూ కోట వెనక్కి నడిచాను. అక్కడ మనుషులు పల్చగా ఉన్నారు. అటూ ఇటూ చూశాను. ఎవరూ చూడట్లేదు. పొద్దుట్నుంచీ తిట్టిపోసిన ఆ ఉచిత వైఫైని మెల్లిగా నొక్కాను.

కలిసింది! పంచదార పాకంలా సాగింది! గ్రూపుకి వీడియో కాల్ కొట్టాను, తహసీల్దారు గారు మొదటి రింగుకే ఎత్తారు, వెనకాల ఒకరి తర్వాత ఒకరు, టీ గ్లాసులు, మఫ్లర్లు, ఇంతలో ఢామ్మని మొదటి అవుటు పేలింది, ఆకాశమంతా ఎరుపు, ఆకుపచ్చ, బంగారం, నేను ఫోన్ని గుండెల దగ్గర పట్టుకుని, తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని, "చూశారా! చూశారా! సింగపూర్లో ఉందా ఇది?" అని అరుస్తున్నాను, వాళ్లేదో చెబుతున్నారు, చప్పుళ్లలో వినబడట్లేదు, పొగుడుతున్నారనుకున్నాను, ఇంకా గట్టిగా అరిచాను, నాలుగు నిమిషాలు, ఐదు నిమిషాలు, ఫోన్ చచ్చిపోయింది.

కాసేపటికి ఆకాశం కూడా ఆగిపోయింది. వేలమంది ఒక్కసారి గేటు వైపు కదిలారు. అందులో నావాళ్లెవరూ లేరు.

పక్కనున్నాయన్ని ఫోన్ అడిగాను, పాపం ఇచ్చాడు. తీసుకున్నాక వెలిగింది నాకు, అమ్మాయి నంబరు తెలీదని. అల్లుడిదీ తెలీదు. మా ఆవిడదీ తెలీదు. రాజమండ్రి 0883, కాకినాడ 0884, విజయవాడ 0866, విశాఖ 0891, ఏలూరు 08812, ఎస్టీడీ కోడ్లు మాత్రం ఇప్పుడు నిద్రలో లేపినా అప్పజెప్తాను. ఆ రాత్రి, ఆ చోట, వాటితో చేసేదేముంది?

ఒక ఉద్యోగినమ్మాయి నన్ను గేటు దగ్గరున్న సిటీ హాలుకి నడిపించుకెళ్లింది. కౌంటర్లో అబ్బాయి మర్యాదగా అడిగాడు, ఎవరు తప్పిపోయారండీ అని. మనవడు, కూతురు, అల్లుడు, భార్య అన్నాను. నలుగురూ కలిసే ఉన్నారా అన్నాడు. ఉండే ఉంటారన్నాను. అతను కాసేపు ఆలోచించి, నాకో కుర్చీ చూపించాడు. నా పక్క కుర్చీలో నాలుగేళ్ల పిల్లాడొకడు ఏడుస్తున్నాడు. వాడి చొక్కాకి వాళ్లమ్మ ఫోన్ నంబరు రాసిన స్టిక్కరుంది. నేను వాణ్ణి ఓదార్చలేదు. అసూయపడ్డాను.

కాసేపటికి అల్లుడి భుజాల మీంచి "అదిగో తాత!" అని కేక. ఎవరైనా విడిపోతే సిటీ హాలు దగ్గరికి రావాలని అమ్మాయి పొద్దున్నే చెప్పిందట. అప్పుడు నేను ఫొటో పంపుతున్నాను. అల్లుడు ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది. మా ఆవిడ మాత్రం, "బాణసంచా బ్రహ్మాండంగా ఉంది, మీరు చూశారా?" అంది.

మర్నాడు ఇంకో పార్కుకి బయల్దేరేముందు మనవడు స్కెచ్ పెన్ను తెచ్చి నా ముంజేతి మీద వాళ్లమ్మ నంబరు పది అంకెలూ రాశాడు. తాయెత్తు వద్దన్న చెయ్యే. కిక్కురుమనకుండా రాయించుకున్నాను.

అన్నట్టు, నేను తప్పిపోయిన ఆ రాత్రే హోటల్లో ఫోన్ని ఇటుకకి తగిలించి గ్రూపు తెరిచాను. తహసీల్దారు గారి మెసేజీ అన్నిటికంటే పైనుంది. ముందు వైపు కెమెరాని వెనక్కి తిప్పుకోవడం మర్చిపోయినట్టున్నారు, బాణసంచా ఎక్కడా కనబడలేదు, మీ మొహం మాత్రం రంగులు మారుతూ చాలా స్పష్టంగా వచ్చింది, పైవరసలో ఎడమవైపు దంతం ఒకటి పుచ్చింది, రాగానే చూపించుకోండి, అని రాశారు.

దాని కింద 41 బొటనవేళ్లున్నాయి. సింగపూర్‌కి 34.