తొమ్మిది మంది లెక్క

2025 సెప్టెంబరు 3 రాత్రి మా స్పేర్ పార్ట్స్ కొట్లవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరూ నిద్రపోలేదు. ఢిల్లీలో జీఎస్టీ కౌన్సిల్ కూర్చుంది. 28 శాతంలో ఉన్న సామాను 18కి దిగుతుందా లేదా అని అటు కనిగిరి నుంచి ఇటు గిద్దలూరు దాకా ఒకటే ఆరాటం. అంతా 18కే వచ్చిందని తెలిశాక, కొత్త రేటు మొదలయ్యే 22వ తేదీలోగా పాత సరుకు ఎంత వదిలించుకోవాలి, కొత్తది ఎప్పుడు దించుకోవాలి అని అందరికీ లెక్క కట్టి పెట్టింది నేనే. తెల్లవారుజామున దండాలు, పొగడ్తలు. పొంగిపోయాను.

రెండున్నర నెలలు తిరిగాయి. నవంబరు 21న కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. పాతవి 29 చట్టాలు పోయి వాటి చోట నాలుగు. ఎవరో ఆ వార్త గ్రూపులో పెట్టారు. దాని కింద ఒకే ఒక్క జవాబు: “అయ్యన్నీ ఫ్యాక్టరీలకప్పా, మనకు వర్తించవు.” ఆ జవాబుకు వరసగా బొటనవేళ్లు.

రాసింది మార్కాపురం కుర్రాడే, ఈ మధ్యే కొట్టు పెట్టాడు. కానీ ఆ మాట మీద హక్కు నాది. లక్షా నలభై ఎనిమిది వేలు పోసి కొనుక్కున్నాను. ఆ కథ ఇంతవరకు గ్రూపులో చెప్పలేదు. ఇంట్లో కూడా సగమే చెప్పాను.

నాకు మార్కాపురంలో కంభం రోడ్డు మీద కొట్టు. ట్రాక్టరు, లారీ, ఆటో సామాను. గిద్దలూరులో ఇంకొక చిన్నది. అక్కడ బేరం వేరు. నంద్యాల వైపు నల్లమల ఘాట్ దిగి ఎక్కే బండ్లు కాబట్టి బ్రేకు లైనర్లు, క్లచ్ ప్లేట్లు అయిపోతుంటాయి, మిగతావి దుమ్ము పడుతుంటాయి. పేపరు చదివే అలవాటు నాకు మొదట్నుంచీ ఉంది. 2017 జూన్ 30 అర్ధరాత్రి జీఎస్టీ మొదలవుతుంటే టీవీ ముందు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 బండ్లేనంటే ఏ ఫిల్టరు ఆపాలో, ఏది తెప్పించాలో నాకు ముందే తెలుసు. విజయవాడ ఆటోనగర్‌లో హోల్‌సేల్ వాళ్లు కూడా ఫోన్ చేసి అడిగేవాళ్లు. తెలివైనవాడినని నాకు గట్టి నమ్మకం.

ఆ తెలివితోనే కార్మిక చట్టాల్లోంచి నాకు కావలసింది మాత్రం ఏరుకున్నాను. అంకెలు. ఇరవై మంది ఉంటే పీఎఫ్. పదిమంది ఉంటే ఈఎస్ఐ. పదిమంది ఉంటే గ్రాట్యుటీ. అంతే, ఇంక చదవలేదు. మార్కాపురం కొట్లో మనుషుల్ని తొమ్మిది దగ్గర ఆపాను. గోడౌన్‌లో ఇంకొకడు కావాలని మావాళ్లు మొత్తుకున్నా పెట్టలేదు. పెళ్లిళ్లలో, దుకాణాల సంఘం భోజనాల్లో పక్కవాళ్లకు సలహా కూడా ఇచ్చేవాణ్ణి. “తొమ్మిది దాటొద్దు తమ్ముడూ. తొమ్మిదిలో ఉన్నంతకాలం ఏ చట్టమూ నీ గడప తొక్కదు.” విన్నవాళ్లు తల ఊపేవాళ్లు. వాళ్లలో కొందరు ఇప్పటికీ తొమ్మిది దగ్గరే ఉన్నారని తలచుకుంటే నాకు భయం.

ఆ తొమ్మిదిమందిలో మొదటివాడు పెద్దోడు. అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. పలకల ఫ్యాక్టరీలో పని తగ్గిపోతే 2005లో నా దగ్గరికి వచ్చాడు. పలక అంచు వేలితో తడిమి బాగోగులు చెప్పే చెయ్యి వాడిది. అదే చెయ్యి బేరింగుల మీద పడింది. మెకానిక్కు పాత బేరింగు తెచ్చి ఇస్తే, తుప్పు పట్టి నంబరు కనిపించకపోయినా, లోపలి రంధ్రంలో బొటనవేలు పెట్టి “ఇరవై అయిదు” అనేవాడు. కాలిపర్ పెట్టి కొలిస్తే ఇరవై అయిదు మిల్లీమీటర్లే. నంబరులో చివరి రెండంకెల్ని అయిదుతో గుణిస్తే లోపలి కొలత వస్తుందని, 6204 నుంచి పైకి ఆ లెక్క పనిచేస్తుందని, దానికి కింద 6203 అయితే పదిహేడు అని గుర్తుపెట్టుకోవలసిందేనని నాకు చెప్పింది వాడే. ఓనరును నేను. పాఠం చెప్పింది వాడు.

2023 మే నెల, రోహిణి కార్తె. తర్లుపాడు నుంచి ఒక ట్రాక్టరు రైతు ఫోన్ చేసి 6205 బేరింగు చెప్పాడు. నేను కంప్యూటర్‌లో 6206 అని కొట్టాను. బిల్లు వచ్చింది. పెద్దోడు సామాను తీస్తూ, “అన్నా, ఆరైదులు ముప్పై, వాళ్లది ఇరవై అయిదు గదన్నా” అన్నాడు. బిల్లులో ఏముంటే అది కట్టమన్నాను. కట్టాడు. మర్నాడు ఆ రైతు ఎండలో నలభై నిమిషాలు బండి మీద వచ్చి బేరింగును కౌంటరు మీద విసిరికొట్టాడు. కొట్టు నిండా మనుషులు. ఆ క్షణాన నేను చెయ్యాల్సింది ఒక్కటే, తప్పు నాదేనని ఒప్పుకోవడం. నేను పెద్దోడి వైపు తిరిగి, “పద్దెనిమిదేళ్లయినా ఇంకా నంబరు చూసి కట్టడం రాలేదా? రేపట్నుంచి రావొద్దు” అన్నాను.

వాడు ఏమీ అనలేదు. చేతిలో ఉన్న గుడ్డతో కౌంటరు తుడిచి, ఆ గుడ్డ మడిచి పెట్టి పోయాడు.

పది రోజులకు వచ్చాడు. కూతురి పెళ్లి పెట్టుకున్నానన్నాడు. “ఇన్నేళ్లు చేశా గదన్నా, ఏదన్నా యాభై వేలు చూడన్నా.” యాభై వేలు. ఆ రోజు గల్లాపెట్టెలోనే అంత ఉంది. ఇచ్చి ఉంటే ఈ కథే లేదు. నేనేం చేశానంటే, కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఫోన్‌లో గ్రాట్యుటీ చట్టం తీసి చదివి వినిపించాను. 1972 చట్టం. పదిమంది ఉంటేనే. మనం తొమ్మిదిమందే. మనకు వర్తించదు. చట్టం లేనిచోట డబ్బిస్తే రేపు అందరూ అడుగుతారు. టీ చల్లారిపోయింది. వాడు లేచి, “సరేలేన్నా, నువ్వు చదువుకున్నోడివి” అన్నాడు. దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. నా మూర్ఖత్వానికి కొలత కావాలంటే అది చాలు.

వాళ్లబ్బాయి ఒంగోలులో డిగ్రీ. లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టించాడు. నాకు నోటీసు వచ్చింది. లాయరు అక్కర్లేదు, నా తొమ్మిది నాకు ఉందని ఒక్కణ్ణే పోయాను. ఆఫీసరు మర్యాదస్తుడు. ఎంతమంది పనిచేస్తారని అడిగాడు. తొమ్మిది అన్నాను. హాజరు పట్టీ చూపించాను, తొమ్మిదే ఉన్నాయి. వ్యవహారం అక్కడితో తెమిలిపోయేదేమో. నేను ఊరుకోలేదు. నన్ను చెడ్డవాడిగా చూస్తున్నారన్న ఉక్రోషం.

“సార్, వర్కర్లను పీడించే రకం కాదు నేను. ఏటా ఆయుధపూజకు అందరికీ బట్టలు పెడతా. కావాలంటే చూడండి” అని సంచిలోంచి ఎర్ర అట్ట పుస్తకం తీసి బల్ల మీద నేనే పెట్టాను. ఎవరూ అడగలేదు.

2022 దసరా పేజీ. పైన పసుపు బొట్టు, శ్రీరామ. కింద నా చేతిరాత. ప్యాంటు, షర్టు గుడ్డ, మనిషికి ఎనిమిది వందలు. ఆయన పెన్ను మూతతో ఒక్కో పేరూ తాకుతూ కిందికి వచ్చాడు. మూత తొమ్మిది దగ్గర ఆగలేదు.

“పదకొండు రాశారే?”

“ఆ ఇద్దరు పర్మినెంటు కాదు సార్. సీజన్లో సరుకు దింపడానికి మూడు నెలలు పెట్టుకున్నవాళ్లు.”

“పర్మినెంటు అని చట్టంలో లేదండీ. పన్నెండు నెలల్లో ఏ ఒక్క రోజు పదిమంది పనిచేసినా చాలు. ఒకసారి వచ్చారంటే, తర్వాత మనుషులు తగ్గినా బయటికి పోరు.”

పేజీ తిప్పాడు. అక్కడ ఇంకో నాలుగు పేర్లు.

“వీళ్లెవరు?”

“గిద్దలూరు కొట్టు సార్. అది వేరు.”

“ఓనరు?”

“నేనే.”

“జీఎస్టీ నంబరు?”

“ఒకటే సార్.”

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. పీఎఫ్ చట్టంలో అయితే బ్రాంచీలన్నీ కలిపే లెక్క అని, ఇరవై చేరేదాకా ఆగకుండా ఇప్పుడే చూసుకోమని మెల్లిగా చెప్పాడు. ఆ తర్వాత ఇంకో మాట అన్నాడు. పదకొండు, పదిహేను సంగతి అలా ఉంచండి, మీ దగ్గర ఉన్నది ఒక్కడే అయినా షాపుల చట్టం ఉంది కదా అని. మన రాష్ట్రంలో 1988 నాటి చట్టం. అప్పటికి దాని ప్రకారం ఆరు నెలలు దాటిన మనిషిని సరైన కారణం లేకుండా తీసేస్తే నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. ఏడాది దాటితే ఏడాదికి పదిహేను రోజుల వేతనం పరిహారం. నేను పద్దెనిమిదేళ్లు కాపాడుకుంటూ వచ్చిన తొమ్మిదికి ఆ చట్టంలో అప్పుడు చోటే లేదు.

ఆ చట్టం పేరు ఎక్కడో చూశాననిపించింది. కొట్టుకు వచ్చి తలెత్తితే కనిపించింది. గల్లాపెట్టె పైన, చెన్నకేశవస్వామి పటం పక్కన, ఫ్రేము కట్టించి తగిలించిన నా కొట్టు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు మీద. రోజూ పొద్దున స్వామికి తిప్పిన అగరబత్తి దానికీ తిప్పేవాణ్ణి. ఒక్కసారీ చదవలేదు.

మళ్లీ లేబర్ ఆఫీసులో తేలిన లెక్క సులువు. రోజుకు 500 చొప్పున నెలకు 26 రోజులు, 13,000. పదిహేను రోజులకు 7,500. పద్దెనిమిదేళ్లకు గ్రాట్యుటీ 1,35,000. నోటీసు ఇవ్వనందుకు నెల జీతం 13,000. మొత్తం 1,48,000. ముప్పై రోజుల్లో ఇవ్వనందుకు గ్రాట్యుటీ మీద పది శాతం వడ్డీ కూడా రావాలి. అది వద్దని పెద్దోడే అన్నాడు. “అన్న దగ్గర వడ్డీ ఏందిలే సార్.” ఆ మాట అన్నప్పుడు నేను కిటికీలోంచి బయట ఉన్న వేపచెట్టును చూస్తున్నాను. దేశమంతా పిల్లలు లెక్కలు నేర్చుకున్న పలకలు పోయింది మా ఊరి నుంచి. ఆ ఊళ్లో పుట్టి, నా చేత్తో నేను రాసిన పేర్లు నేను లెక్కపెట్టుకోలేకపోయాను.

కూతురి పెళ్లికి పోను మిగిలినదానితో పెద్దోడు దోర్నాలలో చిన్న కొట్టు పెట్టాడు. శ్రీశైలం పోయే బండ్లు ఆగే చోటు. మా మెకానిక్కుల్లో సగంమంది నంబరు కనిపించని బేరింగులు వాడి దగ్గరికే పంపుతున్నారు. పోటీ కొట్టుకు పెట్టుబడి పెట్టినవాడు ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే అయి ఉంటాను.

అందుకని 2025 నవంబరులో ఆ కుర్రాడి జవాబు చూసి ఊరుకోలేకపోయాను. సెప్టెంబరులో జీఎస్టీ లెక్కలు రాసిన చేత్తోనే కొత్త కోడ్‌లు చదివి నాకు అర్థమైనవి రాశాను. కనీస వేతనం ఇప్పుడు ఏ పనికైనా, ఎంతమంది ఉన్నా వర్తిస్తుంది. మనిషిని తీసేసినా, వాడే మానేసినా, రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. గడువు పెట్టి తీసుకున్నవాడికి అయిదేళ్లు అక్కర్లేదు, ఏడాది చేస్తే గ్రాట్యుటీ. వెంటనే ఒకాయన తెలివిగా అడిగాడు: జీతం ఏడు వేలని, మిగతా పదివేలు బత్తా అని రాసుకుంటే? పప్పులుడకవని చెప్పాను. బత్తాలూ అలవెన్సులూ మొత్తంలో సగం దాటితే దాటినంతా జీతం కిందికే వస్తుంది. ఆయన అప్పట్నుంచి నాకు గుడ్ మార్నింగ్ పెట్టడం మానేశాడు.

ఆ కుర్రాడు మాత్రం విడిగా ఫోన్ చేశాడు. “అన్నా, గ్రాట్యుటీకి ఇంకా పదిమందే గదా? నా దగ్గర తొమ్మిదిమందే ఉండారు.”

పోయిన ఆయుధపూజకు ఎంతమందికి బట్టలు పెట్టావో ఆ పుస్తకం తీసి లెక్కపెట్టుకోమన్నాను. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత పేజీలు తిరుగుతున్న శబ్దం వినిపించింది.