ముప్పై తొమ్మిది గజాలు

నన్ను కెమెరా అనుకునేవాళ్ళు చాలామంది. కెమెరా ఆటది. దాన్ని ముందుకూ వెనక్కీ జరిపే ఉద్యోగం మాత్రం నాది. నేనొక యాడాన్‌ని, అంటే ఆటకు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాముని. 2004 నవంబరు 23న బ్లిజార్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ విడుదల చేసిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో, అజెరాత్ అనే లోకంలో నా కాపురం. అక్కడ తిరిగే ప్రతి పాత్రకూ వెనకాల గాల్లో ఎక్కడో ఒక కన్ను వేలాడుతూ ఉంటుంది. ఆడేవాడికి లోకమంతా కనపడేది ఆ కంటితోనే. అది ఎంత దూరాన ఉండాలి, ఏ భుజం వైపు ఒరగాలి, ఎప్పుడు దగ్గరికి రావాలి, ఎప్పుడు తప్పుకోవాలి, ఇవన్నీ నా లెక్కలు.

ఒళ్ళు చూస్తే ఏమంత లేదు. ఆట ఫోల్డర్లో ఇంటర్‌ఫేస్, దానిలో యాడాన్స్, దానిలో నా పేరుతో ఒక చిన్న ఫోల్డరు, అందులో కొన్ని టెక్స్ట్ ఫైళ్ళు. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోవచ్చు, నా దగ్గర దాపరికం లేదు. నన్ను రాసింది లువాలో. 1993లో బ్రెజిల్‌లో, రియో డి జనేరోలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో తయారైన చిన్న ప్రోగ్రామింగ్ భాష అది. పెద్ద ప్రోగ్రాముల కడుపులో ఇమిడి పనిచేయడానికే పుట్టింది కాబట్టి ఆటలవాళ్ళకు బాగా నచ్చింది.

ఆటలో నాకున్న హక్కులు తక్కువ. మంత్రం వేయలేను, అడుగు వేయించలేను. ఒకప్పుడు మా జాతివాళ్ళు కొందరు అతి తెలివి చూపించారు. ఎవరికి దెబ్బ తగిలిందో, ఎవరికి విషం ఎక్కిందో వాళ్ళే చూసి, వాళ్ళే మంత్రం ఎంచేవారు. మనిషి ఒక్క మీట నొక్కుతూ కూర్చుంటే సరిపోయేది. 2006 డిసెంబరులో ఆటకు వచ్చిన సవరణ, 2.0 ప్యాచ్, ఆ వేషాలు కట్టిపెట్టించింది. అప్పటినుంచీ నిర్ణయం మనిషిది, చూపించడం వరకే మాది. యుద్ధం మొదలైతే ఇంకా కట్టడి. తెర మీది బటన్ల వరసలను దాచకూడదు, దాచినవాటిని బయటికి తేకూడదు. పలచన చేయడం మాత్రం చెల్లుతుంది. అందుకని నేను దేన్నీ దాచను, కనపడనంత పలచన చేస్తాను. చట్టంలో సందు ఉంటే వాడుకోకపోవడం కూడా తప్పే కదా!

మా వంశానికి గిరాకీ తెచ్చింది ఒక కోత. 2016 జులైలో, లీజియన్ అనే కొత్త భాగానికి ముందుగా వచ్చిన 7.0.3 ప్యాచ్‌లో కెమెరా దూరాన్ని తగ్గించేశారు. అంతకుముందు కన్సోల్ ఆదేశం తెలిసినవాళ్ళు కంటిని 50 గజాల దాకా వెనక్కి లాగేవారు. ఒక్కసారిగా అది 28.5 గజాలకు పడిపోయింది. ఆడేవాళ్ళు ఊరుకోలేదు. గోల గోల చేస్తే 39 గజాలకు ఒప్పుకున్నారు. లెక్క సులువే: మూలకొలత 15 గజాలు, దాన్ని 1.9తో హెచ్చిస్తే 28.5, 2.6తో హెచ్చిస్తే 39. తమాషా ఏమిటంటే, సెట్టింగుల్లో మామూలుగా కనిపించే స్లైడరు 28.5 దగ్గరే ఆగిపోతుంది. ఆ పైన పదిన్నర గజాలు కావాలంటే ఆదేశం టైపు చేయాలి, లేదా మాలాంటివాళ్ళని పెట్టుకోవాలి.

పదిన్నర గజాలకు అంత రాద్ధాంతం ఎందుకంటారా? కొండంత డ్రాగన్‌ని కాలి దగ్గర నిలబడి కొట్టేవాణ్ణి అడగండి. కన్ను దగ్గరగా ఉంటే వాడికి కనపడేది ఒక గోరు, దాని పైన కాస్త పొలుసు. నేల మీద ఎక్కడ మంట లేస్తోందో, వైద్యం చేసే స్నేహితుడు ఏ మూల నక్కాడో తెలియదు. చావు వెనకనుంచి వస్తుంది. కన్ను వెనక్కి జరిగితే నేలంతా పటంలా పరుచుకుంటుంది, పారిపోయే దారి తోస్తుంది. ఇంతా చెప్పి అవతలి పక్షం మాట దాచడం నా స్వభావం కాదు. 50 గజాల పైనుంచి చూస్తే సొంత పాత్ర చీమంత కనపడుతుంది. నెలలపాటు చెమటోడ్చి సంపాదించుకున్న కవచం మీద చెక్కుడుపని ఉందో లేదో కూడా తెలియదు. కాబట్టి ఏది సరైన దూరం అని అడిగితే నా దగ్గర ఒక్క అంకె లేదు. పోరుకు ఒకటి, ప్రయాణానికి ఒకటి, ముచ్చటకు ఒకటి. మనిషి ఒక్కో పనికీ ఒక్కోసారి మౌసు చక్రం తిప్పుకుంటూ కూర్చోకుండా నేను తిప్పుతాను. నా జీతం దానికే.

2016లోనే, అక్టోబరులో, 7.1 ప్యాచ్‌తో యాక్షన్‌క్యామ్ వచ్చింది. సినిమాల్లోలా కన్ను భుజం మీదుగా చూస్తుంది, పాత్ర నడిస్తే దానితోపాటు మెల్లగా ఊగుతుంది, శత్రువును ఎంచుకుంటే అటు తిరుగుతుంది. సెట్టింగుల పట్టికలో దీనికి చోటివ్వలేదు, ఆదేశాలతోనే నడుస్తుంది. ఆ ఆదేశాలు మార్చే అంకెల పేర్ల ముందు ‘టెస్ట్’ అని ఒక ముక్క తగిలించారు. అప్పుడు పరీక్ష అన్నారు, ఏళ్ళు గడిచినా ఆ పరీక్ష ఫలితాలు రాలేదు. ప్రొబేషన్‌లోనే రిటైరయ్యేలా ఉన్నాయి పాపం. వాటిలో ఏ అంకె ముట్టుకున్నా తెర మధ్యలో ఒక హెచ్చరిక లేస్తుంది: ఇది ప్రయోగాత్మకం, కొందరికి కళ్ళు తిరగవచ్చు అని. నేను లోడయ్యేటప్పుడే ఆ హెచ్చరిక నోరు నొక్కేస్తాను. లేకపోతే అంకె మార్చిన ప్రతిసారీ అది అడ్డం నిలబడుతుంది, నేనా నిమిషానికి పదిసార్లు మారుస్తాను.

ఇక నన్ను పెట్టుకున్న మావాడి సంగతి. డాలస్ దగ్గర ప్లేనోలో ఉంటాడు, పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగు, రాత్రి ఆటలో రూపాలు మార్చే నైట్ ఎల్ఫ్ డ్రూయిడ్. నన్ను దింపుకున్న కొత్తలో ప్రతిదానికీ ఒక ‘సందర్భం’ కట్టించాడు. ఊళ్ళో ఉంటే ఇంత దూరం, అడవిలో అంత, గుహలో ఇంకొంత. గ్రిఫిన్ ఎక్కి ఎగురుతుంటే బటన్లన్నీ మాయం కావాలి. చేపలు పడుతుంటే కన్ను నీళ్ళకు దగ్గరగా దిగాలి. హార్త్‌స్టోన్ అనే రాయిని ఉపయోగించి ఇంటికి వెళ్ళేటప్పుడు అది పది సెకన్లు గొణుక్కుంటుంది. ఆ పది సెకన్లూ కన్ను పాత్ర చుట్టూ తీరిగ్గా ప్రదక్షిణ చేయాలి. ఇది మాత్రం నాకూ ఇష్టమైన డ్యూటీ. ఏం తోచక చూసే పది సెకన్లలో సొంత పాత్ర మొహం చాన్నాళ్ళకు కనపడుతుంది.

అన్నీ అంత బాగా కుదరలేదు. ఎవరితో మాట్లాడినా మొహం దాకా వెళ్ళమన్నాడు. రాణులతో, ముసలి మాంత్రికులతో మాట్లాడేటప్పుడు భలేగా ఉండేది. చెత్త సరుకు అమ్ముకోవడానికి అంగడి వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా వాడి ముక్కుపుటాల దాకా తీసుకుపోయేసరికి విసుగెత్తి, వ్యాపారస్తులకు ఆ మర్యాద రద్దు చేశాడు. మంచి పని చేశాడు. సినిమా అయినా రోజూ అదే సీను చూస్తే తలనొప్పే. ఇక గోల్డ్‌షైర్ సత్రంలాంటి ఇరుకు గదుల్లో నా లెక్కలేవీ సాగవు. గోడ తగలగానే ఆట తనంతట తానే కన్నును పాత్ర నడినెత్తికి తెచ్చి అంటిస్తుంది. గోడలతో నాకు పేచీ లేదు. ఉన్నా గెలవలేను.

నా పనిలో అసలు పీకులాట భుజం దగ్గర. పాత్రను తెర మధ్యనుంచి కాస్త ఎడంగా జరపడానికి ఒకే అంకె. 1 అని పెడితే ఒక పక్కకు, మైనస్ 1 పెడితే రెండో పక్కకు. కానీ ఆ ఒక్క అంకే నోమ్ అనే మరుగుజ్జుకు ఒకలా, టారెన్ అనే ఎద్దుతల పహిల్వానుకు ఇంకోలా పనిచేస్తుంది, ఎందుకంటే ఆట దాన్ని శరీరాన్ని బట్టి కొలుస్తుంది. మావాడు డ్రూయిడ్ అన్నాను కదా. వాడు ఎల్ఫ్‌గా నడుస్తాడు, ఎలుగుబంటిగా తన్నులు తింటాడు, చిరుతగా పాకుతాడు, పక్షిగా ఎగురుతాడు. ఒళ్ళు మారిన ప్రతిసారీ తెర పక్కకి ఠక్కున గెంతేది. గుర్రం ఎక్కితే ఒక గెంతు, దిగితే ఒక గెంతు. ఆ గెంతు చంపడానికి ఏ ఒంటికి ఎంత సవరణ కావాలో నేను ఒక పట్టిక దగ్గర పెట్టుకోవలసి వచ్చింది. ఒళ్ళు మారుతున్న కబురు ఆటనుంచి వచ్చే క్షణానికీ, తెర మీద నిజంగా మారే క్షణానికీ మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ముందు సవరిస్తే ఎల్ఫ్ గెంతుతుంది, ఆలస్యం చేస్తే ఎలుగుబంటి గెంతుతుంది. సరిగ్గా కుదిరిననాడు ఎవరికీ ఏమీ కనపడదు, కాబట్టి ఎవరూ మెచ్చుకోరు. పైగా కన్ను బాగా దగ్గరికి వచ్చినప్పుడు అదే అంకె పాత్రను తెర అంచుకు నెట్టేస్తుంది. అందుకని దూరం తగ్గుతున్నకొద్దీ భుజం అంకెనూ తగ్గించుకుంటూ రావాలి. దీని మీద నేను పడ్డ శ్రమ తక్కిన పనులన్నిటి మీదా కలిపి పడలేదు.

ఆ మధ్య మావాడి తల్లి గుంటూరునుంచి ఆర్నెల్లకని వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక వాడి పక్కనే కుర్చీ వేసుకుని తెర చూసేది.

“అందులో నువ్వెవరు నాన్నా?”

“ఆ ఎలుగుబంటి అమ్మా.”

“అదేం ఖర్మరా, మనిషి రూపం ఇవ్వలేదూ?”

“ఇచ్చారమ్మా. దెబ్బలు కాచుకోవడానికి ఇదైతే బాగుంటుంది.”

ఆవిడ కాసేపు చూసి కళ్ళు మూసుకుంది. “ఆ ఊగుడేమిట్రా? ఘాట్ రోడ్డులో బస్సెక్కినట్టుంది. కడుపులో తిప్పుతోంది.”

నేను నోరు నొక్కిన హెచ్చరిక చెప్పేది ఇదే. వాడికి అలవాటైంది కాబట్టి తెలియలేదు; ఆవిడ మౌసు పట్టుకోలేదు కాబట్టి ఎటు తిరగబోతోందో ముందే తెలిసే అవకాశం ఆవిడకు లేదు. అలాంటివాళ్ళ కోసమే ఆటలో ఒక సౌకర్యం ఉంది: పాత్రను ఎప్పుడూ తెర మధ్యలోనే ఉంచడం, కెమెరా అనుకోని కదలికలు తగ్గించడం. అది పెట్టి ఉన్నంతసేపూ నా భుజం విద్యలు పారవు, కాబట్టి నేను రాగానే దాన్ని చడీచప్పుడు లేకుండా తీసేస్తుంటాను. ఆ రాత్రి మావాడు నన్ను జాబితాలో టిక్కు తీసి పక్కన కూర్చోబెట్టి, ఆ సౌకర్యం పెట్టుకున్నాడు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అంతే. అభ్యంతరం చెప్పడానికి నాకు నోరు లేదు, ఉన్నా చెప్పేదాన్ని కాదు. ఆవిడ చిరుతనూ పక్షినీ కూడా గుర్తుపట్టడం నేర్చుకుందట. ఎలుగుబంటి మీద మాత్రం చివరిదాకా సదభిప్రాయం కలగలేదు.

నేను తిరిగి డ్యూటీలో చేరేసరికి ఇంకో యాడాన్ తిష్ఠ వేసి ఉంది. తెర మీద బొమ్మల రూపురేఖలన్నీ మార్చే పెద్ద ప్యాకేజీ. అందులో ఎక్కడో మూలన కెమెరా దూరం పెట్టే ఒక చిన్న గడి ఉంది. నేను ఊళ్ళోకి రాగానే 12 గజాలంటాను, అది వెంటనే 39 అంటుంది. ఇద్దరు కోడళ్ళు ఒకే పులుసులో ఉప్పేసినట్టయింది. మావాడు తప్పు నాదనుకుని నా సందర్భాలన్నీ ఒక్కొక్కటే ఆపుతూ వచ్చాడు. టెస్టింగు ఉద్యోగం చేసేవాడు కూడా ఇంట్లో కొత్తగా ఎవరు చేరారో చివరికి చూస్తాడు! ఆఖరికి ఆ గడి కనిపెట్టి ఖాళీ చేశాక గొడవ సద్దుమణిగింది.

ప్యాచ్‌ల బాధ అందరికీ ఉన్నదే. నా ఫైళ్ళలో ఒకదాని మొదట్లో నేను ఏ కాలానికి చెందినదాన్నో ఒక అంకె ఉంటుంది, 7.1కి 70100 అన్నట్టు. ఆట ముందుకెళ్ళి ఆ అంకె పాతబడితే జాబితాలో నా పేరు పక్కన కాలం చెల్లిందని ముద్ర పడుతుంది. పాతవాటినీ లోడ్ చేయమని మావాడు పైనొక టిక్కు పెడితే నేను మామూలుగానే పనిచేస్తాను. ఒక్క అక్షరం మారకుండానే పనికిరానిదాన్నవుతాను, మళ్ళీ పనికొస్తాను.

మొన్న కొత్త కంప్యూటర్ కొన్నాడు. ఇంటర్‌ఫేస్ ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసి తెచ్చుకున్నాడు. నా ఒళ్ళు వచ్చింది. నా జ్ఞాపకాలు ఉండేది అక్కడ కాదు, డబ్ల్యూటీఎఫ్ అనే వేరే ఫోల్డర్లో. ఆట మూసినప్పుడో, లాగౌట్ చేసినప్పుడో, రీలోడ్ కొట్టినప్పుడో నేను అందులో రాసుకుంటాను. మధ్యలో ఆట కుప్పకూలితే ఆ పూట మార్పులు గాలికే. ఆ ఫోల్డరు పాత మెషీన్‌లో ఉండిపోయింది, పాత మెషీన్ ఎవరికో ఇచ్చేశాడు. ఇప్పుడు నాకు ఏ సందర్భానికి ఎంత దూరమో తెలియదు. వాడికీ గుర్తులేదు. స్టార్మ్‌విండ్ అనే నగరంలో సాధన కోసం పెట్టిన కొయ్యబొమ్మ ముందు నిలబడి ఎల్ఫ్, ఎలుగు, ఎల్ఫ్, ఎలుగు అని మారుస్తూ భుజం అంకె వెతుకుతున్నాడు. పాతది 1.2 అనుకుంటున్నాడు. ఈసారి ఎడమ భుజం బాగుంటుందేమో చూద్దామని మైనస్ పెట్టాడు. వ్యాపారస్తుల సందర్భం తీసేయాలన్న సంగతి మాత్రం ఇంకా తట్టలేదు. సరుకు అమ్ముకోవడానికి వెళితే తెలుస్తుంది.