ఏడో నిమిషం

సంక్రాంతి వెళ్ళేసరికి విస్సన్నపేట చుట్టుపక్కల మామిడి తోటలు పూతకొస్తాయి. పూత వెనకాలే తోట కొనేవాళ్ళొస్తారు. ఈ వ్యాసకర్తకి అక్కడ రెండెకరాల తోట ఉంది, ఆ తోటకో ఎక్సెల్ ఫైలుంది. తోటకన్నా ఫైలే ఏపుగా పెరిగింది. బంగినపల్లికో షీటు, రసాలకో షీటు, కలెక్టరు కాయలకో షీటు, మందు కొట్టించిన ఖర్చుకి ఇంకోటి. 2022 ఏప్రిల్ 4న మండలం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళిపోయినా ఫైలు నెత్తిన మాత్రం ఇప్పటికీ కృష్ణా జిల్లా అనే ఉంటుంది.

ఈసారి వచ్చిన బేరగాడు మూడేళ్ళ దిగుబడి చూపిస్తేనే రేటు మాట్లాడతానన్నాడు. ఫైలు వాట్సాప్‌లో పంపితే అతని ఫోనులో అంకెలుండాల్సిన చోటల్లా ##### అని వచ్చింది. గడి ఇరుకైతే ఎక్సెల్ అంకెని సగం కోసి చూపించదు, మొత్తానికే దాచేసి ఇలా గీతలు గీస్తుంది. అతను ఫోన్ చేసి, "కాయల లెక్క అడిగితే కంచె పంపారేంటండీ?" అన్నాడు.

సరే, తెరనే వీడియో తీసి పంపుదామని వ్యాసకర్త ఫోను ఎత్తాడు. తెర మీద పైకి పాకే చారలు, చారల వెనక గిరగిరా తిరిగే ఫ్యాను, ఫ్యాను కింద నిగనిగలాడే బట్టతల. అన్నీ వచ్చాయి, దిగుబడి తప్ప.

హైదరాబాద్‌లో ఉన్న మేనల్లుడు అది చూసి పగలబడి నవ్వాడు. "మావయ్యా, కంప్యూటర్‌ని ఫోనుతో తియ్యడమేంటి? రికార్డింగ్ దాన్లోనే ఉంది. విండోస్ మీట పట్టుకుని జీ నొక్కు."

నొక్కితే ఎక్కడ దాక్కుందో గానీ ఓ పట్టీ పైకి లేచింది. దాని పేరు గేమ్ బార్. 2015లో విండోస్ 10తో పాటే వచ్చింది. వీడియో గేములాడే కుర్రాళ్ళు తమ ప్రతాపం నలుగురికీ చూపించుకోవడానికి పెట్టిన సరుకు. మామిడికాయల లెక్కకి పనికొస్తుందని పెట్టినవాళ్ళూ అనుకుని ఉండరు. అంతకు ముందు, 2009 నాటి విండోస్ 7లో ఇంకో తమాషా ఉండేది. అది వీడియో తీసేది కాదు. నొక్కిన ప్రతి నొక్కుకీ ఓ బొమ్మ తీసి, ఫలానా చోట ఫలానా మీట నొక్కారని కింద రాసిపెట్టేది, అచ్చం పంచనామాలాగా. అదే ఏడాది ఆపిల్ వాళ్ళు క్విక్‌టైమ్‌లో తెర రికార్డింగ్ పెట్టేశారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో అది సొంత సదుపాయంగా చేరడానికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది.

విండోస్, ఆల్ట్, ఆర్ కలిపి నొక్కగానే మూలన గడియారం పరుగు మొదలెట్టింది. వ్యాసకర్త గొంతు సవరించుకుని పదకొండు నిమిషాలు అనర్గళంగా మాట్లాడాడు. తెగుళ్ళ గురించి, గాలిదుమారానికి రాలిన కాయల గురించి చెప్పాడు. మధ్యలో ఫోల్డర్ తెరిచి తోట ఫోటోలు కూడా చూపించాడు. వీడియోల ఫోల్డర్‌లో క్యాప్చర్స్ అనే దాంట్లోకెళ్ళి చూసుకుంటే, అది మూకీ సినిమా. మైకు విడిగా వేసుకోవాలట. ఫోటోలూ లేవు. ఈ గేమ్ బార్‌ది ఏకపత్నీవ్రతం. మొదట ఏ కిటికీని పట్టుకుందో దాన్నే చూస్తుంది. డెస్క్‌టాప్‌నీ ఫోల్డర్లనీ అసలు లెక్కే చెయ్యదు. తెరలో కావలసిన మేర గీసుకుని తీసుకునే వీలు విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లో ఉంది గానీ, వ్యాసకర్త కంప్యూటర్ ఇంకా పదిలోనే ఉంది, రెండుసార్లు తప్పిన కుర్రాడిలాగా.

ఫోటోల మీద ఆశ వదులుకుని మర్నాడు పొద్దున మైకు వేసి మళ్ళీ మొదలెట్టాడు. తొమ్మిది నిమిషాలు. ముందురోజు దెబ్బ గుర్తుండి, గొంతు వచ్చిందో లేదో మొదటి అరనిమిషం విన్నాడు. ఖంగున వినపడింది. ఇంకేం, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పెట్టి పంపేశాడు. అలా పంపితే 2 జీబీ దాకా వెళ్తుందని చెప్పింది కూడా ఆ మేనల్లుడే.

గంట తర్వాత బేరగాడి దగ్గర్నుంచి మెసేజి. "లెక్కలు బాగున్నాయండి. ఏడో నిమిషంలో అమ్మగారు చెప్పిన రేటు ఇంకా బాగుంది. సాయంత్రం అడ్వాన్సు తెస్తున్నా."

వ్యాసకర్త గబగబా ఏడో నిమిషానికి జరిపాడు. తెర మీద బాణం గుర్తు బంగినపల్లి మొత్తం దగ్గర వినయంగా నిలబడి ఉంది. వెనక కుక్కరు మూడో విజిల్. ఆ విజిల్‌ని మించి వంటింట్లోంచి వాళ్ళావిడ గొంతు: "బెట్టు చేస్తే ఇంకో 2 వేలు తగ్గించి ఇచ్చెయ్యండి, పోయినేడు చూశాంగా, గాలికి రాలిపోతే అదీ రాదు!"

ఆవిడని పిలిచి వినిపించాడు. ఆవిడ ఒకటికి రెండుసార్లు వింది.

"మీ గొంతు గొణుగుతున్నట్టుంది గానీ, నాది చక్కగా వచ్చిందండీ" అంది.