లక్నవర సందేశం: టీకా తాత్పర్యం

అవతారిక: ఒక ఆదివారం పొద్దున, హన్మకొండలో ఇంకా పాలప్యాకెట్ కత్తిరించకముందే, వాట్సాప్ అనే తాళపత్రం మీద ఈ పద్యం దిగింది. మేఘసందేశానికి వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. కాబట్టి సందేశమన్నది కంటబడ్డాక టీక రాయకుండా వదిలేయడం తెలంగాణవాడికి మర్యాద కాదు.

మూలం:

లక్నవరము పోయి లాంచెక్కి తిరుగుదాం
దీవి దీవి మీద తిండి తినుడు
ముక్కు మూసి మునిగి మొత్తము చేపల
చూసి వద్దమింక సోపతోడ!

ఛందస్సు ఆటవెలది. గణాలు సరిపోయాయి, పైసలే సరిపోలేదు.

ప్రతిపదార్థం: సోపతోడ = ఓ మిత్రుడా (బండి నీది, పెట్రోలూ నీదే అని ధ్వని); లక్నవరము పోయి = ములుగు దాటి, చల్వాయి దాటి, బుస్సాపూర్ దగ్గర మలిగి, సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న చెరువు చేరి; లాంచెక్కి = ముందటి జట్టు అప్పుడే విప్పి ఇచ్చిన తడి లైఫ్‌జాకెట్ కట్టుకొని; తిండి తినుడు = అడుగు మాడిన సర్వపిండి, పులిహోర; ముక్కు మూసి = దీని సంగతి కిందికి పోయినంక చెప్తా.

ఇక్కడ పూర్వపక్షి లేచాడు. “దీవి అంటే సముద్రంలో ఉండాలె. చెరువుల ఉన్నది గుట్ట.” నిజమే, అది గుట్టే. 13వ శతాబ్దంలో కాకతీయులు గుట్టల మధ్య సందులను చిన్న చిన్న కట్టలతో మూసి నీళ్లు ఆపారు. పక్కనున్న గుట్టలే మిగతా కట్ట. నీళ్లు ఎక్కేసరికి నడుమనున్న గుట్టల తలలు మాత్రం పైకి మిగిలాయి. కాకతీయులు అడిగింది వరికి నీళ్లు. దీవులు పిలవని పేరంటంలా వచ్చాయి. పర్యాటక శాఖ లెక్కలో అవి 13. కొన్నింటికి వేలాడే వంతెనలున్నాయి, జనం ఎదురుపడితే ఊగుతాయి. నీళ్లు దిగితే దీవి మళ్లీ గుట్టే. వేదాంతులు దీన్నే ఉపాధిభేదం అంటారు.

శాస్త్రప్రమాణం కావాలా? పడవెక్కి దీవికి పోయిన విహారానికి భారతంలో పరాశరుడే ఆద్యుడు. ఆ విహారానికి ఫలం వ్యాసమహర్షి. అందుకే ఈ ప్రమాణం మా ఇంట్లో చెప్పలేదు.

“ముక్కు మూసి మునిగి”: అద్దాలు పెట్టుకొని, నోట గొట్టం కరుచుకొని, నీటి మీద బోర్లా తేలుతూ కిందికి చూడటం. దీన్ని స్నార్కెలింగ్ అంటారు. జలస్తంభనతో మడుగులో దాగిన దుర్యోధనుడికి గొట్టం కూడా అక్కరలేకపోయింది. కవి మాత్రం అండమాన్ రీలు చూసి రాశాడు. అక్కడ పగడపు దిబ్బల మీద నీరు తేటగా ఉంటుంది. మన చెరువుకు అడవిలో కురిసిన వాన ఒండ్రుతో సహా వస్తుంది. అద్దాలు పెట్టినా కనిపించేది అద్దాలే. పైగా లోతు తెలియని నీళ్లలో దిగొద్దు. మడుగులో దిగిన ఏనుగు గతి పోతన నోట విన్న గడ్డ మనది.

ఇందులో ఒక చమత్కారం ఉంది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. దానికి నీళ్లలోని గాలి ఒక్కటే చాలదు; ఎప్పటికప్పుడు పైకొచ్చి నోటితో గాలి మింగిపోవాలి, రానీయకపోతే నీళ్లలోనే చచ్చిపోతుంది. అంటే లక్నవరంలో స్నార్కెలింగ్ చేయాల్సింది చేపే, మనం కాదు. అది పైకొచ్చి మనల్ని చూసి పోతుంది. “మొత్తము చేపల చూసి” అన్నచోట మనమే చూడబడేవాళ్లమని అన్వయించుకుంటే కవిని అబద్ధం నుంచి కాపాడినట్టవుతుంది. ఆయన చూసినవి మాత్రం ఒడ్డున బాండీలో, కారం పట్టించి, ఉల్లిగడ్డ, నిమ్మకాయ తోడుగా వేగుతున్నవి. మునిగింది కూడా అందులోనే.

తిరిగి వస్తూ పాలంపేట మలిగాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి అది; 2021లో యునెస్కో జాబితాకెక్కింది. దాని శిఖరానికి వాడిన ఇటుక నీళ్ల మీద తేలుతుంది. కవికి ఈత రాదు. ఇంతకంటే వివరించను.

తాత్పర్యం: నెలల తరబడి అనుకున్న గోవా ఇప్పటికీ ఒక గ్రూపు పేరుగానే ఉంది. అనుకోనిది పొద్దున పుట్టి సాయంత్రానికి పూర్తయింది. అనుకోకుండా ఏర్పడ్డ దీవులకు అనుకోకుండా పోవడమే తగినదని వ్యాఖ్యాత మతం.

పాఠకులకు విన్నపం: వానలు పడి చెరువు నిండాక పోండి. లైఫ్‌జాకెట్ తడిగా ఉన్నా కట్టుకోండి. “తిండి తినుడు” అని కవి రాశాడే గాని ప్లేట్లూ సీసాలూ దీవి మీద వదిలి రమ్మని ఏ పాఠాంతరంలోనూ లేదు. ఆ నీళ్లు తూముల గుండా కింద వరిమళ్లకు పోతాయి.