పరిశీలించడమైనది, తిరస్కరించడమైనది

రెవెన్యూ కచేరీల్లో ఇంతకంటే పొదుపైన సాహిత్యం ఇంకోటి లేదు. రెండే మాటలు: ‘పరిశీలించడమైనది, తిరస్కరించడమైనది’. ఏ కాగితం చూశారో, ఎక్కడ తేడా కనబడిందో అడిగినవాడే అమాయకుడు.

నెల్లిమర్ల రైతొకడు తండ్రి పేరున ఉన్న ఎకరాన్ని తన పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టాడనుకుందాం. తిరగ్గా తిరగ్గా జవాబొస్తుంది: రిజెక్ట్. ‘ఏటయ్యింది బాబూ?’ అంటే, ‘పైనుంచి రిజెక్టయిపోనాది’ అంటారు. పైకెళితే, ‘కిందనుంచి రిపోర్టు అలాగే వచ్చింది’ అంటారు. కారణం పైనా లేదు, కిందా లేదు.

1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం ఆర్డీవోకు అప్పీలు చేసుకోమంటుంది, 60 రోజుల్లోగా. దేనిమీద చేసుకోవాలి? వారసత్వ పత్రం చాల్లేదా, సర్వే నంబరు కలవలేదా, అన్నదమ్ములెవరైనా అడ్డం పడ్డారా? ఉత్తర్వులో ముక్క లేదు. వకీలు అన్ని కారణాలూ తనే ఊహించి, అన్నింటికీ తనే జవాబు రాస్తాడు. అంతా విన్న ఆర్డీవో, ‘కారణాలు చూపి మళ్లీ ఉత్తర్వివ్వండి’ అని తహసీల్దారుకే తిప్పి పంపుతారు. నిర్ణయం ఎలాగూ అయిపోయింది, ఇక దానికి తగిన కారణాన్ని వెతకడమే తరువాయి!

ఈ తెలివిని సుప్రీంకోర్టు ఎప్పుడో పసిగట్టింది. ఉత్తర్వులో లేని కారణాలను తర్వాత అఫిడవిట్‌లో అతికిస్తే కుదరదని 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చారు. పాతబడేకొద్దీ రుచి పెరగడానికి ఉత్తర్వేమీ ద్రాక్షసారా కాదన్నారు.

తహసీల్దార్లనే అనడం అన్యాయం. జాతీయ వినియోగదారుల కమిషనంతటిదే కారణం రాయకుండా ఒక కేసు కొట్టేసింది. 2010లో క్రాంతి అసోసియేట్స్ తీర్పులో సుప్రీంకోర్టు దాన్ని వెనక్కి పంపి, రబ్బరు స్టాంపు కారణాలు కూడా చెల్లవని చెప్పింది. ‘రికార్డులు క్షుణ్ణంగా చూశాం’ అని అన్ని ఫైళ్లలోనూ ఒకే పేరా అతికించేవాళ్లకు ఆ దెబ్బ తగలాలి.

‘పని ఒత్తిడండీ’ అంటారు. నిజంగా పరిశీలిస్తే కారణం అప్పటికే బుర్రలో ఉంటుంది, రాయడానికి రెండు వాక్యాలు చాలు. రాయడానికేమీ లేదంటే, మరి పరిశీలించిందేమిటి?

నిర్ణయంవల్ల నష్టపోయినవారికి కారణాలు చెప్పి తీరాలని 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) అంటోంది, అదీ ఎవరూ అడక్కుండానే. చెప్పకపోతే నోట్‌ఫైలు నకలు అడగండి. మండల కార్యాలయంలో దరఖాస్తు ఫీజు 5 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.