కుర్చీలోంచి వేసిన మార్కులు

పోస్టర్ ఉండేది గోడ మీద, దారిన పోయేవాళ్ల కోసం. ఇంత చిన్న సంగతి మరిచిపోయి చాలాకాలం పాఠం చెప్పాను. పిల్లలు వేసుకొచ్చిన కాగితాలను బల్ల మీద పరుచుకుని, జానెడు దూరం నుంచి చూసి మార్కులు వేశాను.

దగ్గర నుంచి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. అక్షరాలకు నీడలు, చుట్టూ మందపాటి స్ట్రోకు, వెనకాల ఫొటో. ఎంత నింపితే అంత కష్టపడ్డట్టు లెక్కేశాను. ఆ స్ట్రోకు మన అక్షరాన్ని ఏం చేస్తుందో గమనించలేదు. ‘ప’కీ ‘వ’కీ తేడా తలకట్టు కింది సన్నని సందే. అది పూడిపోతే ‘పంట’ కాస్తా ‘వంట’ అయిపోతుంది. పైగా ఇంగ్లిషు పుస్తకాల్లో చదివి, పంక్తులు దగ్గరగా జరపమన్నాను. మనకు పైన గుడులు, కింద వత్తులు ఉన్నాయి. దగ్గరికి జరిపితే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిలో దిగబడుతుంది. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అని బోర్డులు రాసేవాళ్ల లెక్క ఒకటుంది. తెలుగులో ఆ అంగుళం గుడి, వత్తు కలుపుకోకుండా ఒట్టి అక్షరానికే దక్కాలి. అదీ చెప్పలేదు.

20వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో లూసియన్ బెర్న్‌హార్డ్ అనే కుర్రాడు ప్రీస్టర్ అగ్గిపుల్లల పోస్టర్ పోటీకి బల్ల, యాష్‌ట్రే, చుట్ట అన్నీ గీసి, తర్వాత ఒక్కొక్కటే తీసేశాడు. చివరికి రెండు పుల్లలు, కంపెనీ పేరు మిగిలాయి. బహుమతి దానికే వచ్చింది. ఈ కథ క్లాసులో చెప్పిన నేనే, చుట్టూ ఖాళీ వదిలిన ఒకమ్మాయితో “ఇంకేమైనా పెట్టమ్మా” అన్నాను. తను పెట్టింది. నా మాట విని తన మంచి పనిని తనే పాడుచేసుకుంది. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

ఇప్పుడు పోస్టర్లను వరండా చివర అంటిస్తాం. పాఠంతో సంబంధం లేనివాళ్లను ఆగకుండా నడిచి వెళ్లమని, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అని అడుగుతాం. జవాబు రాకపోతే పిల్లలు ఏదో ఒకటి తీసేసి మళ్లీ అంటిస్తారు. రక్తదాన శిబిరం తేదీ కనబడక ఒక్క మనిషి రాకుండా పోయినా ఆ పోస్టర్ ఓడినట్టే. అందంగా ఉందన్న మెప్పు ఆ నష్టాన్ని పూడ్చలేదు.