సెటిల్‌మెంట్ సుబ్బారావు

మాదాపూర్‌లో సాయంత్రం ఆరింటికి ఏ టీ బడ్డీ దగ్గరైనా నలుగురైదుగురు కుర్రాళ్లు ఒక మనిషి చుట్టూ చేరి, చేతిలో టీ చల్లారుతున్నా తాగడం మరిచి వింటున్నారంటే, ఆ మధ్యలో ఉన్నది సెటిల్‌మెంట్ సుబ్బారావే. రేషన్ కార్డులో పేరు వేరే ఉండొచ్చు. నోటీసు పూర్తిగా చెయ్యకుండా ఉద్యోగం మానేసి, ఆఖరి జీతం కోసం పాత కంపెనీ వెంటపడ్డ వాళ్లందరికీ నేను పెట్టుకున్న ఉమ్మడి పేరు ఇది.

సుబ్బారావు నోటీసు తొంభై రోజులు. కొత్త కంపెనీకి ‘ఇమ్మీడియట్ జాయినర్’ కావాలి. ఆగస్టు ఎనిమిదిన రాజీనామా పెట్టి, పంతొమ్మిదిన లాప్‌టాప్ అప్పగించి, సెక్యూరిటీ వాడికి టాటా చెప్పి వచ్చేశాడు. నెలకు అరవై వేల చొప్పున పంతొమ్మిది రోజులకు 38,000 రావాలి. ఆ డబ్బుకి సరిపడా ఫ్రిజ్ కూడా చూసిపెట్టాడు. తీరా వచ్చింది ‘ఫుల్ అండ్ ఫైనల్’ అనే ఒక కాగితం. అందులో చెయ్యకుండా ఎగ్గొట్టిన 78 రోజులకి 1,56,000 కోత, ఆ కోత మీద 18 శాతం జీఎస్టీ. అతనికి రావలసింది మినహాయించగా అతనే కంపెనీకి 1,46,080 రూపాయలు ఎదురు కట్టాలి.

కొత్తచోట జీతం ఎక్కువే కాబట్టి ఇంకొకడైతే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. సుబ్బారావు మాత్రం బజారుకెళ్లి ఒక ఫైలు కొన్నాడు. బీటెక్‌లో పరీక్ష ముందు రాత్రి తప్ప పుస్తకం ముట్టని మనిషి బస్సులో, మెట్రోలో, బావమరిది పెళ్లిలో భోజనాల బంతిలో కూడా సెక్షన్లు చదవడం మొదలుపెట్టాడు.

మొదటి విజయం తొందరగానే దక్కింది. నోటీసు కోత మీద జీఎస్టీ పడదని 2022 ఆగస్టు 3న పన్నుల బోర్డు 178 నంబరు సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పేసింది. అది ప్రింటు తీసి, పసుపురంగు గీతలు గీసి పంపాడు. కంపెనీ ఆ 28,080 తీసేసింది. ఆ రోజు మిత్రులందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించాడు. అప్పటికి కంపెనీకి కట్టాల్సింది ఇంకా 1,18,000 ఉంది. గెలిచినవాడి దగ్గర అలాంటి లెక్కలు తియ్యడం మర్యాద కాదని ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

అక్కణ్ణుంచి సుబ్బారావు గొంతు మారింది. “1936 నాటి వేతన చెల్లింపు చట్టం ఏమందో తెలుసా? నోటీసు ఇవ్వకుండా పదిమంది కూడబలుక్కుని పని మానేస్తే ఎనిమిది రోజుల జీతం దాకా కొయ్యొచ్చు. నేను పదిమందినా?” అని అడుగుతాడు. ఎదుటివాడు అతణ్ణి పైనుంచి కిందిదాకా చూసి కాదని ఒప్పుకుంటాడు. ఆ చట్టం నెలకు 24,000 దాటని జీతాలకే వర్తించేదన్న ముక్క దగ్గర మాత్రం సుబ్బారావుకి టీ కావలసి వస్తుంది.

ఇక 2025 నవంబరు 21న వేతనాల కోడ్ అమల్లోకి వచ్చినప్పుడు చూడాలి అతని వైభవం. పాత చట్టంలో యజమాని తీసేసినవాడికే రెండో పనిదినంలోగా జీతం; కొత్త కోడ్ 17వ సెక్షను రాజీనామా చేసినవాణ్ణి కూడా ఆ వరసలో కూర్చోబెట్టింది. ఆ కోడ్ చేసిన 2019లోనే పార్లమెంటు తన సంగతి పసిగట్టిందని అతని నమ్మకం. “మరి నువ్వు మానేసింది ఆగస్టులో కదన్నా?” అని ఓ కుర్రాడు అన్నందుకు, వాడికి ఇప్పటిదాకా మళ్లీ సలహా దొరకలేదు. ఫైల్లో అతను తెరవని కాగితం ఇంకొకటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 74వ సెక్షను: మాట తప్పినవాడి దగ్గర, రాసుకున్న మొత్తానికి మించకుండా, సమంజసమైన పరిహారం అడగొచ్చు. అది కంపెనీ లాయరు పంపింది. దాన్ని వెనక్కి తిప్పి పాల లెక్క రాసుకున్నాడు.

హెచ్ఆర్‌తో అతని అనుబంధం సంసారంకన్నా క్రమబద్ధమైనది. ప్రతి సోమవారం ‘జెంటిల్ రిమైండర్’. ప్రతి గురువారం ‘ప్రాసెస్‌లో ఉంది సార్’. ఆ సీట్లో అమ్మాయిలు మారారు; ప్రాసెస్ మారలేదు. పీఎఫ్ సంగతి మటుకు అతను నిజంగానే సాధించాడు. నోటీసు బాకీకి పీఎఫ్ మీద కంపెనీ చెయ్యి వెయ్యడానికి లేదు. వాళ్లు నిష్క్రమణ తేదీ వెయ్యకపోయినా రెండు నెలలాగి మనమే పోర్టల్లో వేసుకోవచ్చు. ఈ సలహాతో బాగుపడ్డవాళ్లున్నారు. అది ఒప్పుకోవాలి.

ఒకరోజు సెలవు పెట్టి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని అంజయ్య భవన్‌కి, కార్మిక శాఖ ఆఫీసుకి, వెళ్లాడు. బెంచీ మీద పక్కన ఒక తాపీమేస్త్రి. “ఎన్ని నెలలది సారూ?” అన్నాడాయన. సుబ్బారావు ఫైలు సర్దుకుని, “రోజులది” అన్నాడు. “నాది ఐదు నెలలది” అన్నాడు మేస్త్రి. ఆయన చేతిలో ఫైలు లేదు. ఆ పూటకి సుబ్బారావు సెక్షన్లేమీ వల్లించలేదని విన్నాను. ఆ ఒక్క పూటకే.

ఈలోగా ఇంట్లో పనిమనిషి మానేసింది. పక్క అపార్ట్‌మెంట్‌లో ఐదువందలు ఎక్కువిస్తామన్నారట. ఇరవయ్యో తారీఖున చెప్పి, ఇరవై ఒకటిన రాలేదు. నెలకు మూడు వేల చొప్పున రెండు వేలు ఇవ్వాలి. “అలా ఎలా ఇస్తాం? నెల ముందు చెప్పొద్దూ? మనకెంత ఇబ్బంది!” అన్నాడు సుబ్బారావు. భార్య అతని మొహం వంక, తర్వాత అల్మారాలో ఫైలు వంక చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

పనిమనిషి రిమైండర్లు పంపలేదు. ఆదివారం పొద్దున ఏడింటికి, పాలవాళ్లూ పేపరువాళ్లూ తిరిగే వేళ, ఇద్దరు తోటి పనివాళ్లను వెంటబెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. “సారూ! ఇరవై రోజులు అంట్లు తోమిన. నా పైసలు నాకియ్యుండ్రి!” అంది. అరిచిందనడానికి లేదు. నాలుగో అంతస్తుకి వినపడేలా చెప్పింది, అంతే. బాల్కనీలు ఒక్కొక్కటే నిండాయి. అసోసియేషన్ ప్రెసిడెంటు పళ్లు తోముకుంటూ వచ్చి నిలబడ్డాడు. సుబ్బారావు, “చూడమ్మా, నోటీసు అంటే...” అని మొదలుపెట్టేలోపు అతని భార్య ఫోన్‌పే కొట్టేసింది. గేటు దగ్గర్నుంచి ‘రెండు వేల రూపాయలు’ అని ఫోను గట్టిగా పలికింది.

ఇప్పటికీ సాయంత్రాలు సుబ్బారావు దర్బారు నడుస్తూనే ఉంది. ఆఖరి జీతం ఆగిపోయిన కుర్రాళ్లు వస్తూనే ఉన్నారు. అతను ఫైలు విప్పి 1936 నుంచి వరసగా చెప్పుకొస్తాడు, పదిమంది సంగతీ చెబుతాడు. అంతా అయ్యాక మాత్రం అటూ ఇటూ చూసి, కుర్రాడి చెవి దగ్గరికి వంగి అడుగుతాడు:

“మీ హెచ్ఆర్ ఆయన ఏ అపార్ట్‌మెంట్‌లో ఉంటాడో కనుక్కున్నావా?”